రౌతు కొద్దీ గుర్రం

మనిషి ఎత్తు అయిదడుగులు. మోటారు సైకిలు బరువు దాదాపు రెండు క్వింటాళ్లు. బండి సాగిపోతున్నంతసేపూ ఇద్దరికీ ఏ పేచీ ఉండదు. పేచీ అంతా ఆగినప్పుడే.

తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ నుంచి హిమాలయాల దారి పట్టదలచినవారికి తొలి పరీక్ష ఏ కొండ కనుమలోనో ఎదురుకాదు. ఇంటి గేటు దగ్గరి చిన్న వాలులోనో, నోయిడా వైపు పోయే దారిలో ఎర్రదీపం ముందో ఎదురవుతుంది. వెనుక బస్సు హారను మోగుతుంటుంది. ఎడమకాలు నేలకోసం వెదుకుతుంది; బొటనవేలికి మాత్రమే తారురోడ్డు తగులుతుంది. బండి మెల్లగా ఒరుగుతుంది, ఒరిగినకొద్దీ బరువెక్కుతుంది. ఒక్కసారి అలా పడినవారు బండికి ముసుగు కప్పి మూల నిలబెట్టడం, కొన్నాళ్లకు అమ్మకానికి పెట్టడం అరుదైన సంగతి కాదు. "మీ ఎత్తుకు ఇది పనికిరాదండీ, స్కూటరు తీసుకోండి" అని సలహా చెప్పేవారికి ఎక్కడా కొదవ లేదు.

ఆ సలహాలో నిజం పాలెంత?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మన దేశంలో వయోజన స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. పురుషులది 165కు అటూ ఇటూ. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు నేలనుంచి 80.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. బరువు 195 కిలోలు. 2023 చివర వచ్చిన 450 సీసీ హిమాలయన్ సీటు ఇంకా ఎత్తు, 82.5. సగటు స్త్రీకి గజ్జ నుంచి మడమ దాకా కొలత 70 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే కాగితం మీద పది, పన్నెండు సెంటీమీటర్ల అగాధం. పైగా సీటు వెడల్పుకు తొడలు ఎడమైనకొద్దీ కాలు మరింత పొట్టిదవుతుంది.

అయితే కాగితం మీది లెక్క మనిషి కూర్చోగానే మారిపోతుంది. కంపెనీలు ప్రకటించే సీటు ఎత్తు సాధారణంగా ఖాళీ బండిది. మనిషి బరువు పడగానే స్ప్రింగులు కుంగుతాయి, సీటులోని ఫోము అణుగుతుంది. దళసరి అడుగు ఉన్న బూటు రెండు మూడు సెంటీమీటర్లు కలిసివస్తుంది. దుకాణంలో టేపుతో కొలిచి నిరాశపడటంకన్నా, ప్రయాణంలో తొడిగే బూట్లతోనే వెళ్లి కూర్చుని చూడటం మేలు.

రెండవ లెక్క బరువుది. నిటారుగా నిలిచిన బండిని పట్టి ఉంచడానికి ఒక చేయి చాలు. గరిమనాభి నేలనుంచి అరమీటరు ఎత్తునా, హ్యాండిల్ మీటరు ఎత్తునా ఉన్నాయనుకుంటే, 195 కిలోల బండి అయిదు డిగ్రీలు ఒరిగినప్పుడు హ్యాండిల్ దగ్గర దాన్ని ఆపడానికి ఎనిమిది, తొమ్మిది కిలోల బలం సరిపోతుంది. ఇరవై డిగ్రీలు ఒరిగిందా, ముప్పై కిలోలు దాటుతుంది. పొట్టివారి చిక్కంతా ఇక్కడే ఉంది. వారికి బలం తక్కువై కాదు, పాదం నేలకు ఆనేలోగా బండి ఒరగవలసినదానికన్నా ఎక్కువ ఒరిగిపోతుంది. 241 కిలోల సూపర్ మీటియోర్ 650 సీటు 74 సెంటీమీటర్ల ఎత్తుననే ఉంటుంది గనుక, అంత బరువైనా చాలామంది పొట్టివారికి అదే ముందుగా మచ్చికవుతుంది.

మార్పులలో మొదట చేయించవలసినది సీటుకే. మయూర్ విహార్ నుంచి మెట్రో నీలిరేఖ మీద, మధ్యలో రైలు మారకుండానే చేరగల కరోల్‌బాగ్‌లో బుల్లెట్ల పనికి పేరుపడ్డ వీధులున్నాయి. అక్కడైనా మరెక్కడైనా, ఫోమును పైనుంచి మందంగా కోయించడంకన్నా, ట్యాంకును ఆనుకొని ఉన్న ముందుభాగాన్ని రెండు పక్కలా సన్నగా చెక్కించడం తెలివైన పని. తొడలు దగ్గరగా వస్తే కాలు సూటిగా దిగుతుంది. ఎత్తుకోసమని ఫోమంతా తీసేస్తే ఎర్రదీపం దగ్గర సుఖమేగాని, రెండు వందల కిలోమీటర్లకు నడుము తన బాధ విన్నవించుకుంటుంది. అసలు సీటును కోయకుండా అటకమీద దాచి, మరొకటి కొని దానిపై ప్రయోగం చేయడం ఇంకా మంచిది. క్లచ్, బ్రేకు మీటలను చేతి వేళ్లకు అందేలా తిప్పి బిగించడానికి ఖర్చేమీ లేదు. చిత్రంగా, ఎక్కువమంది మరిచేది దాన్నే.

బండినే కిందికి దించడం చివరి మార్గం. వెనుక స్ప్రింగు బిగువు సడలిస్తే కొంత దిగుతుంది. కాని సామాను కట్టి గతుకుల్లో పోయేటప్పుడు అడుగంటా కొట్టుకుంటుంది. వెనుక మాత్రమే దించితే హ్యాండిల్ మొద్దుబారుతుంది, రాత్రిపూట దీపం ఎదుటివారి కళ్లలోకి కొడుతుంది. ముందు ఫోర్కులనూ అదే కొలతకు సరిచేయాలి. రెండు వైపులా దించాక సైడ్ స్టాండు పొడవైపోయి, బండి దాదాపు నిటారుగా నిలిచి, గాలికే అవతలి పక్కకు పడే ప్రమాదం ఉంది; దాన్నీ కురచ చేయించాలి. పాత 411 సీసీ హిమాలయన్‌కు అడుగున 22 సెంటీమీటర్ల ఎడం ఇచ్చింది రాళ్లదారి కోసమే. దించిన ప్రతి సెంటీమీటరూ ఆ ఎడంలోంచే పోతుంది. చట్టం సంగతీ చూసుకోవాలి. తయారీదారు పేర్కొన్న, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది.

ఇన్ని చేసినా రెండు మడమలూ నేలకు ఆనకపోవచ్చు. ఆనవలసిన అవసరమూ లేదు. ఆగబోయే ముందే సీటు మీద కొంచెం పక్కకు జరిగి, ఒక పాదాన్ని పూర్తిగా మోపితే సరిపోతుంది. అమెరికాకు చెందిన జోసెలిన్ స్నో ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఆమె రాళ్లూ బురదా దాటించే బీఎండబ్ల్యూ జీఎస్ అడ్వెంచర్ బరువు 250 కిలోలకు పైమాటే.

ఏ కాలు మోపాలన్నది మన రోడ్లమీద మరో చిక్కు. వాననీరు జారిపోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమపక్క పోతాము గనుక, అంచున ఆగితే ఎడమకాలికి నేల ఇంకా లోతుగా తగులుతుంది. అందుకే పాదానికి అందే చోటును ముందే చూసుకొని ఆగాలి. తప్పనప్పుడు ముందు బ్రేకు పట్టి కుడికాలు దించాలి.

దూరం సంగతికి వస్తే, 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాదు నుంచి బయలుదేరి, మన దేశంతో కలిపి ఆరు దేశాల మీదుగా మెకాంగ్ నదీతీరాలకు సుమారు 17,000 కిలోమీటర్ల యాత్ర చేశారు. వారు నడిపిన బజాజ్ డామినార్ 400 సీటు 80 సెంటీమీటర్లు. బరువు 182 కిలోలు. నలుగురిలో ఒకరైన పియా బహదూర్ ఆ యాత్రను పుస్తకంగా రాశారు.

ఎంత జాగ్రత్తపడ్డా బండి ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. పడేదాన్ని కాలితో ఆపబోతే చీలమండ విరుగుతుంది, వదిలి తప్పుకోవాలి. లేపే పద్ధతి ఇంటి దగ్గరే నేర్చుకోవడం మంచిది. ఆదివారం ఉదయం ఖాళీ స్థలంలో పాత పరుపు పరచి, దాని మీద బండిని ఒరిగించాలి. ఇంజన్ ఆపి గేరులో ఉంచాలి. కుడివైపు పడితే సైడ్ స్టాండును ముందే తీసి ఉంచాలి. బండికి వీపు ఆనించి గొంతుకూర్చొని, ఒక చేత్తో హ్యాండిల్ కొసనూ, మరో చేత్తో సీటు కింది కడ్డీనీ పట్టి, నడుము వంచకుండా చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. బరువంతా తొడలే మోస్తాయి.