జాషువా... యేసు... ఒకే పేరు!

గుంతకల్లు-రాయచూరు రైలు దారిలోని కోసిగి కావచ్చు, పల్నాటి వినుకొండ కావచ్చు... క్రైస్తవుల ఇళ్లలో జాషువా అన్న పిలుపు కొత్తేం కాదు. తెలుగు బైబిలు తెరిస్తే మాత్రం ఆయన యెహోషువ! ‘జాషువా’ ఇంగ్లిషువాళ్ల పలుకుబడి.

నిజానికి అది మార్చి పెట్టిన పేరు. నూను కొడుకు మొదట హోషేయ, అంటే ‘రక్షణ’. కనాను దేశాన్ని చూసి రమ్మని పంపుతూ మోషే అతణ్ని యెహోషువ అన్నాడు... ‘యెహోవాయే రక్షణ’ అని. కాలక్రమంలో ఆ పేరే యేషువగా కుదించుకుపోయింది. గ్రీకులో యేసూస్ అయింది. మనదాకా వచ్చేసరికి యేసు!

తెలుగునాట ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేది 1895లో పుట్టిన ‘గబ్బిలం’ కవి గుర్రం జాషువాయే.

పల్లెల్లో దళిత కుటుంబాలకు ఈ పేరుతో ఓ చిక్కుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకుంటే ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రలో బీసీ-సి కింద దక్కేది ఒక్క శాతం రిజర్వేషనే. పేరొక్కటే మతానికి రుజువు కాదు, కానీ అనుమానానికి అది చాలు. అందుకే చర్చిలో యెహోషువగా ఉన్న పిల్లాడు బడి రిజిస్టరులో ఏ వెంకటేశో అయిపోతుంటాడు.