గడ్డిలోని చక్కెర కోసం పది వారాలు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో వేసవి సెలవులు మొదలవగానే డిగ్రీ విద్యార్థులకు పరిశోధనలో శిక్షణ మొదలవుతుంది. జాతీయ సైన్స్ ఫౌండేషన్ 1987 నుంచి ఆర్‌ఈయూ పేరుతో ఇందుకు నిధులిస్తోంది. ఎంపికైనవారు ఎనిమిది నుంచి పది వారాలు ప్రయోగశాలలో పనిచేస్తారు. స్టైపెండ్ ఉంటుంది, చాలాచోట్ల వసతి కూడా ఇస్తారు. అయితే ఆ ఫౌండేషన్ నిధులు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. చదువు కోసం వీసాపై వెళ్లిన మన పిల్లలకు అవి వర్తించవు.

ఇలాంటి శిక్షణకు జీవ ఇంధనం చక్కగా సరిపోయే రంగం. మొక్కజొన్న గింజల పిండిపదార్థం నుంచి ఇథనాల్ తీయడం తేలిక. కాండం, ఆకుల దగ్గరే చిక్కు. వాటిలోని సెల్యులోజ్ నిండా గ్లూకోజే ఉన్నా లిగ్నిన్ అనే గట్టి పదార్థం దాన్ని పట్టి ఉంచుతుంది. వాటిలోనే ఉండే హెమిసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరను మామూలు ఈస్టు పులియబెట్టలేదు. సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైములు ట్రైకోడెర్మా రీసై అనే బూజు నుంచి వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో సైనికుల నూలు గుడారాలను తినేసిన బూజు అదే.

విద్యార్థి చేసే పని చూడటానికి చిన్నదే. గడ్డి పొడిలో ఎంజైము కలిపి 50 డిగ్రీల వేడిలో ఉంచుతాడు. మధ్యమధ్యలో కాస్త ద్రవం తీసి, చక్కెరను పట్టిచ్చే డీఎన్ఎస్ ద్రావణం కలిపి మరిగిస్తాడు. చక్కెర ఎంత ఎక్కువుంటే పసుపు రంగు అంతగా ఎర్రబారుతుంది. ఆ రంగును స్పెక్ట్రోఫోటోమీటర్ 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తుంది. ఎంజైము వేయని గొట్టంలోనూ రంగు మారితే అది గడ్డిలో ముందునుంచీ ఉన్న చక్కెర. ఎంజైము ద్రావణంలోనూ చక్కెర ఉండొచ్చు కాబట్టి గడ్డి వేయని గొట్టం మరొకటి కావాలి. ఈ రెండూ తీసేశాక మిగిలిందే అసలు ఫలితం.

కాలేజీ ల్యాబులో రికార్డులో రాయాల్సిన విలువ ముందే తెలుసు. ఇక్కడ అది ఎవరికీ తెలియదు, గైడుకు కూడా. శిక్షణలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఫలితం రాకపోయినా, ఎందుకు రాలేదో చివరి వారం పోస్టరు ముందు నిలబడి చెప్పాలి.

ఈ విద్య మన దేశానికీ అవసరమే. పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ఇండియన్ ఆయిల్ కర్మాగారాన్ని 2022 ఆగస్టులో జాతికి అంకితం చేశారు. ఏటా రెండు లక్షల టన్నుల గడ్డితో మూడు కోట్ల లీటర్లు తీయాలన్నది దాని లక్ష్యం. వరి పండే తెలుగు నేలలో గడ్డికి కొదవ లేదు.

బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి మన విద్యార్థులకూ రెండు నెలల వేసవి ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. దరఖాస్తుకు అధ్యాపకుల సిఫారసు లేఖ కావాలి. ఊళ్లలోని డిగ్రీ కాలేజీల అధ్యాపకులు ఈ సంగతి గడువుకు ముందే పిల్లలకు చెప్పి, వారితో దరఖాస్తు పెట్టించాలి.