భాగం 7: పోషకాల వలయాలు – విశాఖ తీరం ఒక ఉదాహరణ

7.1 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• నత్రజని వలయానికి, భాస్వరం వలయానికి ఉన్న ముఖ్యమైన తేడాను వివరించగలుగుతారు.
• విశాఖపట్నం రేవు, ఉక్కు కర్మాగారం ఈ వలయాలలో ఎక్కడ కలుస్తున్నాయో గుర్తించగలుగుతారు.
• నీటిలో పోషకాలు మితిమీరితే ప్రాణవాయువు ఎందుకు తగ్గుతుందో లెక్క వేసి చెప్పగలుగుతారు.

7.2 పరిచయం

సూర్యుని నుంచి వచ్చే శక్తి ఆహారపు గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా కొంత వేడిగా మారి వెళ్ళిపోతుంది. అది తిరిగి రాదు. పోషకాల సంగతి అలా కాదు. అవి కొత్తగా పుట్టవు, నశించవు. మట్టి, నీరు, గాలి, జీవుల మధ్య చేతులు మారుతూ ఉంటాయి. ఇలా తిరగడాన్నే జీవభూరసాయన వలయం అంటాం.

అయితే అన్ని వలయాలూ ఒకే వేగంతో తిరగవు. కొన్ని రోజుల్లో పూర్తవుతాయి, కొన్నింటికి కోట్ల సంవత్సరాలు పడతాయి. ఈ భాగంలో మనకు కావలసిన విషయం ఇదే. మనిషి ఒక వలయాన్ని ఒక చోట వేగంగా తిప్పి, మరో చోట తెంచితే ఏమవుతుంది? దీనికి విశాఖ కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

7.3 నత్రజని: గాలిలో ఉన్నా అందదు

గాలిలో 78 శాతం నత్రజనే. కాని దాని అణువులో రెండు పరమాణువులను మూడు బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి. అందువల్ల మొక్కలు దానిని నేరుగా వాడుకోలేవు. పెసర, మినుము, వేరుశనగ వేళ్ళ బుడిపెలలో ఉండే రైజోబియం బాక్టీరియా ఈ బంధాలను విడగొట్టి అమ్మోనియాగా మారుస్తుంది. రైతులు జనుము, జీలుగ చల్లి పూతకు వచ్చే వేళ కలియదున్నడంలోని రహస్యం ఇదే. మట్టిలోని ఇతర బాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి (నత్రీకరణం). గాలి ఆడని బురదలో మరికొన్ని బాక్టీరియా నైట్రేటును మళ్ళీ వాయువుగా మార్చి గాలిలోకి పంపుతాయి (వినత్రీకరణం). దీనితో వలయం పూర్తవుతుంది.

బాక్టీరియా చేసే ఈ పనిని 1913లో జర్మనీలో హేబర్–బాష్ పద్ధతి ద్వారా కర్మాగారంలో చేయడం మొదలుపెట్టారు. ఉక్కు కర్మాగారంలో మరో దారి కనిపిస్తుంది. బొగ్గు అంటే కోట్ల ఏళ్ళ నాటి మొక్కలే. ఆ మొక్కలు నాడు పీల్చుకున్న నత్రజనిలో కొంత బొగ్గులో మిగిలి ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ తయారీకి బొగ్గును గాలి తగలకుండా కాల్చినప్పుడు అది అమ్మోనియాగా బయటపడుతుంది. దానిని గంధకికామ్లంతో కలిపి అమ్మోనియం సల్ఫేటు ఎరువు చేస్తారు. ఇందులో సుమారు 21 శాతం నత్రజని ఉంటుంది. అంటే 50 కిలోల బస్తాలో సుమారు పదిన్నర కిలోలు. ఏనాటి అడవిలోని నత్రజనో ఈనాటి వరి చేనుకు చేరుతోందన్న మాట.

7.4 భాస్వరం: గాలి దారి లేదు

భాస్వరానికి చెప్పుకోదగిన వాయు రూపం లేదు. కనుక గాలి ద్వారా తిరిగి వచ్చే దారి దానికి లేదు. అది రాతి నుంచి మట్టికి, మట్టి నుంచి మొక్కకు, చివరకు నదుల ద్వారా సముద్రపు అడుగుకు చేరుతుంది. ఆ అడుగు మళ్ళీ నేలగా పైకి లేవాలంటే కోట్ల సంవత్సరాలు కావాలి.

మన దేశం తన అవసరానికి కావలసిన రాక్ ఫాస్ఫేటులో ఎక్కువ భాగాన్ని ఇతర దేశాల నుంచి దిగుమతి చేసుకుంటుంది. 1933లో ప్రారంభమైన విశాఖ రేవు ద్వారా కూడా ఇది వస్తుంది. విశాఖలో 1967లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారం వంటి చోట్ల ఆ రాతిని ఆమ్లంతో కరిగించి మిశ్రమ ఎరువులు చేస్తారు. ఎరువు పొలానికి, ధాన్యం నగరానికి, నగరపు మురుగు సముద్రానికి చేరుతాయి. గమనించండి: ఇది వలయం కాదు, ఒక వైపే సాగే బాట.

7.5 సముద్రం తిరిగి ఇచ్చే కానుక

సముద్రం కొంత తిరిగి ఇస్తుంది. వేసవి మొదట్లో నైరుతి గాలి మన తీరం వెంట వీచినప్పుడు, భూభ్రమణం వల్ల పైనీరు ఒడ్డు నుంచి దూరంగా జరుగుతుంది. ఆ ఖాళీలోకి నైట్రేటు, ఫాస్ఫేటు నిండిన చల్లని అడుగు నీరు పైకి వస్తుంది. దీనిని ఉద్గమనం అంటారు. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజిన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ దీనిని అధ్యయనం చేశాడు. ఈ నీటిలో వృక్షప్లవకాలు పెరుగుతాయి, వాటిని తిని జంతుప్లవకాలు, ఆపై చేపలు పెరుగుతాయి. మత్స్యకారుని వలకూ పోషక వలయానికీ ఉన్న సంబంధం ఇదే.

7.6 హార్బరులో ఏం జరుగుతుంది?

విశాల సముద్రంలో మేలు చేసే పోషకమే లోపలి హార్బరులో కీడు చేస్తుంది. అక్కడ దారి ఇరుకు, ఆటుపోటుల తేడా స్వల్పం, నీరు త్వరగా మారదు. నగరపు మురుగు, పరిశ్రమల వ్యర్థాలు అందులోకి చేరాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970లలో ఈ హార్బరు కాలుష్యాన్ని, అందులో స్కెలిటోనీమా అనే డయాటం విపరీతంగా పెరగడాన్ని వర్ణించారు. పోషకాలు మితిమీరడం వల్ల వచ్చే ఈ స్థితే యూట్రోఫికేషన్.

ఒక లెక్క వేద్దాం. మనిషి శరీరం నుంచి రోజుకు సుమారు 1 గ్రాము భాస్వరం బయటకు పోతుంది. మిగతా పోషకాలు, వెలుగు సరిపడా ఉంటే, ఆ 1 గ్రాముతో పెరిగిన ప్లవకాలు చచ్చి కుళ్ళడానికి సుమారు 140 గ్రాముల ప్రాణవాయువు కావాలి. మన తీరపు వెచ్చని నీటిలో ఘనపు మీటరుకు ఉండేది సుమారు 6 గ్రాములే. 140ని 6తో భాగించండి: 23కు పైనే వస్తుంది. అంటే ఒక్క మనిషి ఒక్క రోజు భాస్వరం సుమారు 23 వేల లీటర్ల నీటిలోని ప్రాణవాయువును హరించగలదు. గాలి నుంచి కొంత తిరిగి కరుగుతుంది, నిజమే. కాని లక్షల జనాభాతో గుణించి చూడండి.

7.7 తెగిన చోట కలపడం

పొలానికి కొరతగా ఉన్నదే హార్బరుకు అధికంగా ఉంది. కనుక పరిష్కారం పోషకాలను ఆపడంలో లేదు, వాటిని వెనక్కి మళ్ళించడంలో ఉంది. మురుగును శుద్ధి చేసి, హానికర లోహాలు లేవని పరీక్షించిన మడ్డిని చేలకు ఎరువుగా పంపడం, వంటింటి వ్యర్థాలను కంపోస్టు చేయడం, భూసార పరీక్ష తరువాతే ఎరువు వేయడం ఇందులోని మెట్లు. మీరు మీ వీధిలోని కాలువ ఎక్కడికి వెళ్తుందో ఒకసారి నడిచి చూడండి. ఈ పాఠంలో సగం అక్కడే కనిపిస్తుంది.

7.8 సారాంశం

నత్రజనికి గాలి ద్వారా తిరిగి వచ్చే దారి ఉంది, భాస్వరానికి లేదు. తీరంలో ఉద్గమనం పోషకాలను పైకి తెచ్చి చేపలను పెంచుతుంది. మూసుకున్న హార్బరులో అవే పోషకాలు ప్రాణవాయువును తగ్గిస్తాయి. తేడా పోషకంలో లేదు. అది చేరిన చోటులో, మోతాదులో ఉంది.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భాస్వరం వలయం నత్రజని వలయం కన్నా నెమ్మదిగా పూర్తి కావడానికి కారణం ఏమిటి?
2. కోక్ తయారీలో వచ్చే ఎరువులోని నత్రజని మొదట ఎక్కడిది?
3. మీ ఊరి జనాభాను తీసుకుని 7.6లోని లెక్కను తిరిగి చేయండి. ఆ మురుగు ఏ చెరువుకు లేదా ఏ గెడ్డకు చేరుతుందో రాయండి.