రాజులేని నాటి నాయకత్వము: న్యాయాధిపతులు, సేనాపతులు

ప్రాచీన ఇశ్రాయేలీయులు తమకు రాజులేర్పడుటకు పూర్వము తమ్ము యుద్ధములయందు నడిపించిన వీరులను 'న్యాయాధిపతు'లని పిలిచిరి. కత్తి యెరుగక మగ్గమే జీవనముగా బ్రదికిన మన తెలుగు సాలెవారు తమ కులపెద్దను 'సేనాపతి' యని పిలిచిరి. ఖడ్గము పట్టినవానికి ధర్మాసనపు పేరు, కండె పట్టినవానికి దండనాయకుని పేరు. ఈ వింత తారుమారు పదములలో మాత్రమే కలదు. పదవిని పరిశీలించినచో రెండింటి స్వభావము చాలవరకు ఒక్కటే. కిరీటము, ధనాగారము, జీతపు సైన్యము లేని పెద్దరికము అది. అట్టి పెద్దరికము ఎట్లు నిలిచెను, ఎట్లు చెడెను అను విషయము షోలాపురపు సాలెపేటలలో నివసించు మనకు నేటికిని ప్రయోజనకరమని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట పదవిచారము. తెలుగు బైబిలునందు న్యాయాధిపతులను పేర ఒక గ్రంథమే కలదు. ఆ పేరు వినగానే మా బడిపిల్లలకు నల్లకోటు ధరించిన జడ్జి స్ఫురించును. హెబ్రీ మూలమున ఆ పదము 'షోఫేటు'. తీర్పు చెప్పుట, పరిపాలించుట, చెరుపబడిన క్రమమును తిరిగి నిలబెట్టుట, ఈ మూడర్థములును దానియం దిమిడియున్నవి. ఇదే ధాతువునుండి పుట్టిన పదముతోనే ఉత్తరాఫ్రికాలోని కార్తేజి నగరవాసులు తాము ఏటేట ఎన్నుకొను ఇరువురు ప్రధానాధికారులను 'సూఫెటు'లని వ్యవహరించిరి. కావున షోఫేటు వట్టి తీర్పరియు కాడు, రాజును కాడు.

ఇశ్రాయేలను పేరు తొలిసారి స్పష్టముగా కానవచ్చునది ఈజిప్టు రాజైన మెర్నెప్తా వేయించిన శిలాశాసనమున. దాని కాలము సుమారు క్రీ.పూ. 1208. అందు ఇరుగుపొరుగు పట్టణముల పేర్లకు దేశమును సూచించు గుర్తును, ఇశ్రాయేలు పేరునకు మాత్రము జనమును సూచించు గుర్తును చెక్కిరి. నాటికి వారు గోత్రములుగా, ఇంటివారుగా, గ్రామములుగా నుండిరి. ఆ కాలపు కొండపల్లెలను త్రవ్విన పురాతత్త్వజ్ఞులకు చిన్నచిన్న ఇండ్లు, ధాన్యపుపాతరలు దొరకినవి గాని రాజగృహములు దొరకలేదు. నిత్యవ్యవహారములను ఊరి గవనివద్ద కూర్చుండు పెద్దలు తీర్చుచుండిరి. పెద్ద ఆపద వచ్చినపుడు మాత్రము ఎవరో యొకరు లేచి నిలిచిరి. న్యాయాధిపతుల గ్రంథము అట్టివారిని పండ్రెండుగురిని పేర్కొనినది. ఈ గ్రంథము ఆయా సంఘటనలకు శతాబ్దముల పిమ్మట కూర్చబడినదనియు, వీరిలో పెక్కురు ఒకటి రెండు గోత్రములకే నాయకులనియు పండితుల అభిప్రాయము.

వీరి పుట్టుకను చూడుడు. దెబోరా స్త్రీ, ఎఫ్రాయిము కొండసీమలో రామాకును బేతేలునకును నడుమ ఒక ఖర్జూరవృక్షము క్రింద కూర్చుండగా ప్రజలు తమంతట తామే తీర్పులకై ఆమెకడకు వచ్చిరి. గిద్యోను శత్రువులకు కనబడకుండ ద్రాక్షగానుగలో గోధుమలు దుళ్లగొట్టుకొను సేద్యగాడు. యెఫ్తా వేశ్యాపుత్రుడని సోదరులచే ఇల్లు వెడలగొట్టబడినవాడు. అమ్మోనీయులు దండెత్తగా గిలాదు పెద్దలే పోయి అతనిని బతిమాలి తెచ్చుకొనిరి. వంశము, ఆస్తి, వయస్సు వీరిని నాయకులను చేయలేదు. అవసరమును, దానిని తీర్చగలడను జనుల నమ్మికయు చేసినవి. జర్మను సామాజికశాస్త్రజ్ఞుడు మాక్స్ వేబరు 1917–1919 మధ్య ప్రకటించిన ప్రాచీన యూదమత వ్యాసములలో వీరిని వ్యక్తిప్రభావముచే మాత్రమే నిలుచు నాయకత్వమునకు దృష్టాంతముగా చూపెను.

అట్టి నాయకత్వమునకు నిర్బంధించు శక్తి లేదు. సీసెరా 900 ఇనుప రథములతో వచ్చినపుడు దెబోరా పిలుపునకు ఆరు గోత్రములవారు కదలిరి. నాలుగు గోత్రములవారు తమ మందలయొద్దనో ఓడలయొద్దనో నిలిచిపోయిరి. యూదా, షిమ్యోనుల పేర్లు ఆ విజయగీతమున కానరానేరావు. రానివారిని ఆమె నిందింపగలిగెను గాని పన్ను వేయుటకు, చెరసాలలో నుంచుటకు ఆమెకు అధికారము లేదు. జయించిన పిమ్మట ప్రజలు గిద్యోనును తరతరములకు ఏలుమని కోరగా, తానును తన కుమారుడును ఏలమని అతడు తిరస్కరించెను. ఆ పద్ధతికి అదియే పరమోన్నత స్థానము.

పతనమును అచ్చటనుండియే ఆరంభమైనది. గిద్యోను కుమారుడైన అబీమెలెకు తండ్రి కాదన్న దానిని తాను కోరి, తన 70 మంది సోదరులపై కత్తి దూసి, షెకెమున రాజై మూడేండ్లు ఏలి, ఒక స్త్రీ బురుజుపైనుండి విసరిన తిరుగటిరాతి దెబ్బకు కూలెను. యెఫ్తా కాలమున ఎఫ్రాయిమీయులకును గిలాదీయులకును పోరు కలిగినపుడు, యొర్దాను రేవులయొద్ద 'షిబ్బోలెతు' అను మాట పలికించి, 'ష' పలుకనేరక 'సిబ్బోలెతు' అన్నవారిని చంపిరి. ఆ పోరున చచ్చినవారు 42,000 మందియని గ్రంథము చెప్పుచున్నది. భాష బోధించువారు మరువరాని కథ యిది. మన ఊరి పేరే ఆంగ్లేయుల కాగితములలో షోలాపూరు, మరాఠీలో సోలాపూరు. ఏది పలికినను మనకు ప్రాణభయము లేకుండుట మన భాగ్యము. తుదకు బెన్యామీనీయులపై కోపించి తక్కిన గోత్రములవారు వారికి పిల్లనీయమని ఒట్టు పెట్టుకొనిరి. ఆ యుద్ధమున 600 మంది మాత్రమే మిగులగా, ఒక గోత్రమే నశించునని ఏడ్చి, ఆ ఒట్టును తప్పించుకొనుటకు కన్యలను అపహరింపనిచ్చిరి. నిర్బంధించుటకు వేరు సాధనము లేని సంఘము వెలివేతను ఆయుధముగా గ్రహించుటకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము కానరాదు.

ఇక మన సేనాపతి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమున సేనాపతి యనునది సాలెవారి బిరుదనియు, వారి కులపెద్దకు పెద్ద సేనాపతియని పేరనియు వ్రాసియున్నాడు. పేరు బిరుదు మాత్రమే కాదు. 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్ది ఆరంభమునను ఉత్తర సర్కారులలో ఈస్టిండియా కుంపిణీవారి బలవంతపు బయానాలను, తక్కువ ధరలను నేతగాండ్రు ఎదిరించినపుడు సేనాపతులు ఊరూర జనమును కూడగట్టిరి. వారికిని షోఫేటునకు వలెనే సైన్యము లేదు. మగ్గములు ఆపుడనిన మాటను జనులు వినుటయే వారి సైన్యము.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున తెలంగాణమునుండి పద్మశాలీలు షోలాపురమునకు వలసవచ్చి చేతిమగ్గములయందును, 1877 నుండి వెలసిన బట్టల మిల్లులయందును పనిలో కుదురుకొనిరి. పరభాషా ప్రాంతమున వారి బడులు, మార్కండేయుని గుడి, శ్రావణపూర్ణిమనాటి రథోత్సవము, ఇవన్నియు చందాలచేతను, పెద్దల మాటచేతను నిలిచినవే. ఊరంతయు ఒకసారి పాలకులు లేని స్థితిని చవిచూచినది. 1930 మే నెలలో గాంధీమహాత్ముని నిర్బంధానంతరము మిల్లుకార్మికులు సమ్మెచేయగా, 8వ తేదీన పోలీసు కాల్పులు జరిగి, కల్లోలము పెరిగి, ప్రభుత్వాధికారము ఊరినుండి తొలగెను. 12వ తేదీన సైనికశాసనము వచ్చువరకు కాంగ్రెసు స్వచ్ఛందసేవకులే వీధులలో రాకపోకలను క్రమపరచిరి. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సార్డాలను 1931 జనవరి 12న ఉరితీసిరి. రాజ్యము తొలగినను క్రమము వెంటనే తొలగదనియు, నమ్మిన మనుష్యులున్నంతవరకు నిలుచుననియు ఆ కొద్దిదినములు చూపినవి.

ఇశ్రాయేలీయులు ఆ నమ్మికను ఎట్లు పోగొట్టుకొనిరి? సమూయేలు ఏటేట బేతేలు, గిల్గాలు, మిస్పాలకు తిరిగి తీర్పులు చెప్పి, రామాలోని తన యింటికి మరలెడివాడు. ముసలితనమున కుమారులను న్యాయాధిపతులుగా నియమించెను. వారు లంచములు తినిరి. అప్పుడు పెద్దలు వచ్చి తమకు రాజు కావలెననిరి. రాజు మీ కొడుకులను రథములకును, మీ కూతుండ్రను వంటయిండ్లకును, మీ పొలములను తన సేవకులకును తీసికొని, పంటలో పదియవ వంతు గుంజుననియు సమూయేలు హెచ్చరించెను. వారు వినలేదు. ఫిలిష్తీయుల భయము ఒక కారణము. పెద్దరికము వారసత్వముగా మారి అవినీతిపాలగుట రెండవ కారణము. క్రీ.పూ. 11వ శతాబ్ది చివర సౌలు రాజయ్యెను.

మహారాష్ట్ర శాసనసభ 2016లో సామాజిక బహిష్కారమును నేరముగా నిర్ణయించి చట్టము చేసినది. అది 2017లో అమలులోనికి వచ్చినది. వెలివేసిన పంచాయతీ పెద్దకు మూడేండ్లవరకు చెర గాని, లక్షరూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇందుచే కులపెద్దరికము నశించునని భయపడువారు కొందరు కలరు. బెన్యామీనీయుల కథ తెలిసినవారు అట్లు భయపడనక్కరలేదు. ఆ చట్టము తీసివేసినది వెలివేత నొక్కదానినే. చెట్టుక్రింద కూర్చున్న దెబోరాకు అదియు అక్కరలేకపోయెను. మన సంఘములలో లెక్కలు నలుగురియెదుట చదువబడి, పదవి తండ్రినుండి కొడుకునకు పోక, తీర్పు స్త్రీకిని పేదకును సమముగా నున్నచో, సేనాపతికి సేనతో పనిలేదు. అట్లు కానిచో జనులు మరియొక సౌలును వెదకుకొందురు; అతడు అడుగు పదియవ వంతు మన మగ్గములనుండియే పోవును.