ఒక్క తెర మీద పన్నెండు థర్మోస్టాట్లు: పొదుపంతా అమరికలోనే

సూరత్‌లోని ఉధ్నా పేరు చెబితే ముందుగా గుర్తొచ్చేది పవర్‌లూమ్ మగ్గాల చప్పుడు. ఆ షెడ్ల మధ్యే బట్టల షోరూములు, బ్యాంకు శాఖలు, క్లినిక్‌లు కూడా ఉంటాయి. నేతపని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందటే వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది.

బట్టల పరిశ్రమకూ ఏసీకీ పాత చుట్టరికం ఉంది. గాలి పొడిబారితే నూలు పోగు తెగుతుంది. అందుకే మిల్లుల్లో గాలి తేమను అదుపు చేసే పద్ధతికి 1906లో స్టూవర్ట్ క్రామర్ అనే అమెరికా మిల్లు ఇంజనీరు ‘ఎయిర్ కండిషనింగ్’ అని పేరు పెట్టాడు. అప్పట్లో అది దారం కోసం. ఇప్పుడు మనుషుల కోసం. ఒకే భవనంలో పది పదిహేను ఏసీ యూనిట్లు ఉంటే, వాటి థర్మోస్టాట్లను ఒక కంట్రోలర్‌కు కలిపి కంప్యూటర్ బ్రౌజర్‌లోంచే నడిపే ఏర్పాటు వాణిజ్య భవనాల్లో వాడుకలోకి వచ్చింది. దీన్ని కొనగానే కరెంటు బిల్లు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గేదీ లేనిదీ తేల్చేది మాత్రం మొదటి రోజు చేసే అమరికే.

గంట మోగించిన థర్మోస్టాట్

గదులను దూరం నుంచి కనిపెట్టే ఆలోచన ఇంటర్నెట్‌తో పుట్టలేదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. కాలేజీ కాపలాదారు గది గదికీ వెళ్లి ఉష్ణోగ్రత చూసి, మళ్లీ నేలమాళిగలోని కొలిమి దగ్గరకు దిగాల్సి వచ్చేది. పాఠం మధ్యలో ఈ రాకపోకలు విసుగు తెప్పించడంతో, గది ఉష్ణోగ్రత మారగానే కింద గంట మోగే విద్యుత్ థర్మోస్టాట్‌ను జాన్సన్ తయారుచేసి 1883లో పేటెంట్ పొందాడు. నేటి వెబ్ కంట్రోలర్ చేసే పని కూడా మూలంలో అదే. గంట స్థానంలో తెర వచ్చింది, ఒక్క గది స్థానంలో భవనమంతా వచ్చింది.

ఒకే తీగ మీద పన్నెండు గొంతులు

ఉధ్నాలో మూడంతస్తుల చీరల షోరూమ్ ఒకటి ఉందనీ, అందులో పన్నెండు థర్మోస్టాట్లు ఉన్నాయనీ ఊహించుకుందాం. వీటిని కలపడానికి తరచుగా వాడేది ఆర్‌ఎస్-485 పద్ధతి. ఒక జత తీగలు మొదటి థర్మోస్టాట్ నుంచి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి, ఇలా దండలో పూలలా వరుసగా సాగాలి. చెట్టు కొమ్మల్లా మధ్యలో పాయలు తీయకూడదు.

దీని వెనుక భౌతికశాస్త్రం ఉంది. తీగలో పోయే సంకేతం ఒక తరంగం. తీగ ఉన్నట్టుండి ముగిసిపోతే, గోడకు కొట్టిన బంతిలా ఆ తరంగం వెనక్కి తిరిగి వచ్చి అసలు సంకేతంతో కలిసిపోతుంది. అందుకే దండకు రెండు చివర్లా 120 ఓమ్‌ల నిరోధకాలు పెడతారు. తీగ సహజ లక్షణానికి సరిపోయే ఈ నిరోధం తరంగాన్ని మింగేస్తుంది. అన్ని థర్మోస్టాట్ల దగ్గరా నిరోధకం పెట్టినా, ఒక్క చోటా పెట్టకపోయినా సంకేతం బలహీనపడవచ్చు లేదా గజిబిజి కావచ్చు. సరిగ్గా వేస్తే ఈ దండ 1,200 మీటర్ల దాకా పని చేస్తుంది.

తీగ ఒక్కటే కాబట్టి ఎవరి మాట ఎవరిదో తెలియాలంటే ప్రతి థర్మోస్టాట్‌కూ ఒక సంఖ్య ఉండాలి. చాలా పరికరాల్లో దీన్ని వెనుక ఉన్న చిన్న స్విచ్‌ల వరుసతో పెడతారు. వాటి విలువలు 1, 2, 4, 8, 16, 32, 64. పదమూడో నంబరు కావాలంటే 8, 4, 1 స్విచ్‌లు వేయాలి. రెండింటికి ఒకే నంబరు పడితే రెండూ ఒకేసారి జవాబిస్తాయి, కంట్రోలర్‌కు ఏదీ అర్థం కాదు. తెర మీద ఒక గది కనిపించి మాయమవుతూ ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

తీగతోపాటు భాష కూడా కలవాలి. 1979లో వచ్చిన మోడ్‌బస్, 1995లో అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే ప్రమాణంగా ప్రకటించిన బాక్‌నెట్ ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్నవి. వేర్వేరు కంపెనీల పరికరాలను ఒకే కంట్రోలర్ కిందకు తేవాలంటే, కొనే ముందే రెండింటి భాషా ఒకటేనా అని చూసుకోవాలి.

తప్పిపోయిన ఐదున్నర గంటలు

ఈ ఏర్పాటులో పెద్ద పొదుపు టైమ్‌టేబుల్ నుంచి వస్తుంది. వారంలో 168 గంటలు. మన షోరూమ్ రోజుకు పది గంటల చొప్పున ఆరు రోజులు తెరిచి ఉంటే అది 60 గంటలు. మిగతా 108 గంటలు ఏసీ అవసరమే లేదు. రాత్రి ఎవరో ఆపడం మరచిపోయిన యూనిట్‌ను కంట్రోలర్ తనంతట తానే ఆపేస్తుంది.

ఇది జరగాలంటే కంట్రోలర్ గడియారం సరిగా ఉండాలి. భారత కాలమానం ప్రపంచ ప్రామాణిక సమయం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. ఆ అమరిక మరచిపోతే, ఉదయం పదింటికి మొదలవ్వాల్సిన ఏసీ మధ్యాహ్నం మూడున్నరకు మొదలవుతుంది. రాత్రి ఎనిమిదింటికి ఆగాల్సింది ఒంటిగంటన్నర దాకా తిరుగుతుంది. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే విదేశీ అలవాటు కొన్ని పరికరాల్లో ముందే వేసి ఉంటుంది. దాన్ని తీసేయాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు పన్నెండు కంప్రెసర్లూ ఒకేసారి లేస్తే లోడు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఒక్కోదానికి కొన్ని సెకన్ల తేడా పెడితే ఆ భారం విడిపోతుంది.

ఎన్ని డిగ్రీలు?

ఏసీ ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. స్టార్ గుర్తింపు ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

మరి మన ఒంటికి ఏది హాయి? ఇక్కడ గుజరాత్ పరిశోధనే పనికొస్తుంది. అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు భారత నగరాల్లోని కార్యాలయ ఉద్యోగులను అడిగి, బయటి ఎండకు అలవాటుపడిన శరీరం లోపల ఎంత వేడిని హాయిగా భరిస్తుందో లెక్కకట్టారు. ‘ఐమ్యాక్’ అనే ఈ నమూనాకు 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలో చోటు దక్కింది. కొంతసేపు కిటికీలు, కొంతసేపు ఏసీ వాడే భవనాలకు దాని సూత్రం సులువు: బయటి సగటు ఉష్ణోగ్రతను 0.28తో గుణించి 17.87 కలపాలి. బయట గత కొన్ని వారాల సగటు 32 డిగ్రీలైతే లోపల సుమారు 26.8 డిగ్రీలు సరిపోతాయి. ఫ్యాను తిరుగుతుంటే ఆ హాయి ఇంకా సులభం.

సూరత్ సముద్రానికి దగ్గర కాబట్టి వానాకాలంలో అసలు ఇబ్బంది తేమ. సాధారణ థర్మోస్టాట్ కొలిచేది ఉష్ణోగ్రతను మాత్రమే. అవసరానికి మించిన పెద్ద ఏసీ గదిని నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. తేమను లాగేసే తీరిక దానికి ఉండదు. గది చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగా ఉంటుంది, ఇంకో రెండు డిగ్రీలు తగ్గించమంటారు. తేమ సెన్సర్ ఉన్న థర్మోస్టాట్ ఇలాంటి చోట ఉపయోగం. కంప్రెసర్ ఆగాక మళ్లీ మొదలయ్యేందుకు కనీసం మూడు నుంచి ఐదు నిమిషాల విరామం పెట్టడం దాని ఆయుష్షుకూ మంచిది.

థర్మోస్టాట్ ఎక్కడ ఉందన్నదీ చూడాలి. ఎండ పడే గోడ మీదో, బల్బు పక్కనో, ఏసీ గాలి నేరుగా తగిలే చోటో ఉంటే అది చెప్పేది గది ఉష్ణోగ్రత కాదు. తెర మీద అంకె ఎంత అందంగా కనిపించినా అది ఆ గోడ ముక్క సంగతే. మనుషులు కూర్చునే చోట మామూలు థర్మామీటరు పెట్టి, రెండు అంకెలనూ పోల్చి, తేడా ఉంటే కంట్రోలర్‌లో సరిదిద్దాలి.

ఇంటర్నెట్‌కు తెరిచిన తలుపు

బ్రౌజర్‌లో కనిపించేది మనకే కనిపించాలని లేదు. 2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రామ్, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చని లక్షలాది కెమెరాలు, రౌటర్లలోకి చొరబడింది. అదే ఏడాది నవంబరులో ఫిన్లాండ్‌లోని లప్పేన్‌రాంటాలో రెండు నివాస భవనాల హీటింగ్ కంట్రోలర్లు సైబర్ దాడికి గురై పదే పదే రీస్టార్ట్ అయ్యాయి. అక్కడి చలిలో వేడినీరు, గది వేడి నిలిచిపోయాయి.

ఉధ్నా షోరూమ్‌కు ఇందులో మూడు పాఠాలున్నాయి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. కంట్రోలర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకుండా వీపీఎన్ ద్వారానే చేరాలి. దుకాణం బిల్లింగ్ కంప్యూటర్లు, కస్టమర్ల వైఫై ఉన్న నెట్‌వర్క్‌లో కాకుండా దాన్ని విడిగా ఉంచాలి. వీటితోపాటు, కంట్రోలర్ తెగిపోయినా ప్రతి థర్మోస్టాట్ తన గదిని తానే నడుపుకునేలా అమర్చాలి. తీగ లాగి చూస్తే అది నిజంగా అలా నడుస్తుందో లేదో తెలిసిపోతుంది.

గదిలో ఉన్నవారి మాట

దూరం నుంచి నడిపే వీలు వచ్చాక గోడ మీది బటన్లకు పూర్తిగా తాళం వేయాలనిపిస్తుంది. అలా చేస్తే కౌంటర్‌లో పది గంటలు నిలబడే సేల్స్‌మ్యాన్ ఒంటికి తెలిసే ఉక్కపోత, ఇంట్లో కూర్చుని తెర చూసే యజమానికి తెలియదు. అందుకే చాలా కంట్రోలర్లలో మధ్యేమార్గం ఉంటుంది: 26 డిగ్రీలు పెట్టి, గదిలో ఉన్నవారు ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ మార్చుకునేలా, రెండు గంటల తర్వాత తిరిగి మొదటికి వచ్చేలా అమర్చవచ్చు. ఎవరు ఎప్పుడు మార్చారో కంట్రోలర్ రాసి పెడుతుంది. ఒకే గది వాళ్లు రోజూ తగ్గిస్తున్నారంటే అక్కడి సెన్సర్‌నో, ఫిల్టర్‌నో, ఎండ పడే అద్దాన్నో చూడాల్సిన సమయం వచ్చిందన్నమాట.