చలనచిత్రపు బిళ్ళలు – ధరలో తేడా ఎందులకు?

ఒకే చలనచిత్రము రెండు రకముల బిళ్ళలపై దొరకుట కలదు. ఒకటి 1996లో వెలువడిన డీవీడీ. రెండవది 2006లో వచ్చిన బ్లూరే. రెండింటి వ్యాసము 12 సెంటీమీటర్లే, మందము 1.2 మిల్లీమీటర్లే. రెండును పాలీకార్బొనేట్ అను ప్లాస్టిక్కుతో చేసినవే. అయినను బ్లూరే ధర సాధారణముగా హెచ్చు. ముడిసరకు ఒకటే అయినపుడు ఈ తేడా ఎందులకు? హెచ్చు సొమ్మిచ్చినవారికి దక్కునదేమి?

బిళ్ళపై సమాచారము సూక్ష్మమైన గుంటల రూపమున, చుట్టలు చుట్టుకొనిన ఒకే దారి వెంట ఉండును. కటకము లేసరు కిరణమును చిన్న చుక్కగా కేంద్రీకరింపగా ఆ గుంటలను చదువుదురు. చుక్క ఎంత చిన్నదైన గుంటలను అంత దగ్గరగా అమర్పవచ్చును. కాంతి తరంగదైర్ఘ్యము తగ్గినను, కటకము కాంతిని మరింత విశాలమైన కోణముతో కూర్చినను చుక్క చిన్నదగును. ఈ కోణమును తెలుపు సంఖ్య డీవీడీకి 0.6, బ్లూరేకు 0.85. డీవీడీకి వాడు ఎర్రని కాంతి తరంగదైర్ఘ్యము 650 నానోమీటర్లు. బ్లూరేకు వాడు నీలలోహిత కాంతిది 405.

విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును. 650ని 0.6తో భాగించిన 1083, 405ను 0.85తో భాగించిన 476. అనగా చుక్క వెడల్పు సుమారు 2.27 రెట్లు తగ్గినది. వైశాల్యము దీని వర్గమును బట్టి, సుమారు 5.2 రెట్లు తగ్గును. ఒక పొరలో డీవీడీ 4.7 గిగాబైట్లను, బ్లూరే 25 గిగాబైట్లను ఇముడ్చుకొనును. ఇది 5.3 రెట్లు. లెక్కకును వాస్తవమునకును భేదము స్వల్పమే.

అయితే కోణము పెరిగినకొలది, బిళ్ళ ఏమాత్రము ఒరిగినను చుక్క చెదరును. అందుచే డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల లోతున ఉన్న సమాచారపు పొరను బ్లూరేలో 0.1 మిల్లీమీటరు లోతునకు తెచ్చిరి. ఇంత పలుచని కప్పునకు గీతలు పడకుండ గట్టి పూత కావలసి వచ్చెను. కర్మాగారములకు కొత్త యంత్రములు కావలసి వచ్చెను. ఆ వ్యయము మొదట అమ్ముడుపోయిన కొద్ది బిళ్ళలపైననే పడెను. ధర ప్లాస్టిక్కుది కాదు, సూక్ష్మతది.

దీనికి పోటీగా వచ్చిన హెచ్‌డీ డీవీడీ పాత 0.6 మిల్లీమీటర్ల లోతునే ఉంచుకొనెను. పాత యంత్రములను కొద్దిగా మార్చి దానిని చేయవచ్చును. కాని ఒక పొరలో 15 గిగాబైట్లే పట్టును. 2006లో అమెరికాలో దానిని నడుపు తోషిబా యంత్రము ధర 499 డాలర్లు. మొదటి బ్లూరే యంత్రము ధర సుమారు 1000 డాలర్లు. అయినను 2008 ఫిబ్రవరిలో తోషిబా ఈ పోటీనుండి విరమించుకొనెను. చౌకదనము ఒక్కటే గెలిపింపలేదు.

ఇక కొనువారి మాట. అమెరికా పద్ధతి డీవీడీ బొమ్మలో 480 వరుసలు, బ్లూరే బొమ్మలో 1080 వరుసలు ఉండును. మామూలు కంటికి 3 మీటర్ల దూరమున సుమారు 0.9 మిల్లీమీటరుకన్న చిన్న వివరములు విడివిడిగా కానరావు. 32 అంగుళముల తెర ఎత్తు 40 సెంటీమీటర్లు. దానిపై డీవీడీ వరుస మందము 0.83 మిల్లీమీటరు. ఆ దూరమున బ్లూరేకు ఇచ్చిన హెచ్చు సొమ్ములో చాలభాగము కంటికి చేరదు. 65 అంగుళముల తెరపై డీవీడీ వరుస 1.7 మిల్లీమీటర్లగును, బ్లూరే వరుస 0.75 మాత్రమే. అచట తేడా స్పష్టము.

కావున ఏ బిళ్ళ లాభసాటియో అంగడిలోని ధరచీటి చెప్పజాలదు. ఇంటిలోని తెరను, కుర్చీకిని తెరకును గల దూరమును కొలిచిన తెలియును.