పాత చెక్క, కొత్త పెన్ను

చెక్క పెన్నుకు కావలసిన ముక్క చాలా చిన్నది: దాదాపు 19 మిల్లీమీటర్ల చదరం, 125 మిల్లీమీటర్ల పొడవు. దాని కోసం కొత్త దుంగ కోయనక్కర్లేదు. హైదరాబాద్ హైటెక్ సిటీ, గచ్చిబౌలి చుట్టుపక్కల ఇది రెండు రకాలుగా దొరుకుతుంది. పాత ఇళ్లు కూల్చినప్పుడు బయటపడే టేకు ద్వారబంధాలు, దూలాలు ఒకటి. ఆఫీసులకు విదేశాల నుంచి పరికరాలు మోసుకొచ్చిన పైన్ పెట్టెలు, ప్యాలెట్లు రెండోది.

ప్యాలెట్ మీద ముందు ముద్ర చూడాలి. ‘హెచ్‌టీ’ అని ఉంటే చెక్కకు నడిమి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిని 30 నిమిషాలు పట్టించి పురుగును చంపారని అర్థం. ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించారని. దాన్ని వదిలేయడం మేలు. పాత తలుపులతో చిక్కు వేరు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు కట్టడి చేసే నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరులోనే. అంతకు ముందటి రంగు అంటిన ముక్కను లేతు యంత్రం ఎక్కించకపోవడమే క్షేమం. మేకు దిగిన చోట కనిపించే నల్లమచ్చ మాత్రం హాని చేయదు. ఇనుము, చెక్కలోని టానిన్లు కలిసి ఏర్పడిన రంగు అది. కరక్కాయ, అన్నభేదితో చేసే పాతకాలపు సిరా వెనకున్న రసాయన చర్య కూడా ఇదే.

పాత కలప ఇక ఆకారం మారదనే నమ్మకం సగమే నిజం. పచ్చి చెక్కలో తేమ సుమారు 30 శాతం కన్నా తగ్గడం మొదలైతే అది కుంచించుకుపోతుంది. వార్షిక వలయాల వెంబడి వచ్చే కుదింపు, వాటికి అడ్డంగా వచ్చేదానికి దాదాపు రెట్టింపు. నిలువునా దాదాపు శూన్యం. అందుకే గుండ్రంగా చెక్కిన పచ్చి కర్ర ఆరాక కోలగా మారుతుంది. పెన్ను కోసం చెక్క లోపల అమర్చే ఇత్తడి గొట్టం ఏమాత్రం తగ్గదు కాబట్టి చెక్క చిట్లుతుంది. ఎన్నో ఏళ్లు ఇంట్లో ఉన్న టేకు ఈ కుదింపును ఎప్పుడో ముగించుకుంది. కానీ వానలో పడి ఉన్న పాత దూలం మళ్లీ తేమ పీలుస్తుంది. మే నెల పొడి గాలికీ ఆషాఢపు ముసురుకీ అది కుంచించుకుంటూ ఉబ్బుతూనే ఉంటుంది. కనుక దాని గొప్ప వయసులో లేదు, ఆరిన తీరులో ఉంది. ముక్కలు కోశాక కొన్ని వారాలు గదిలో ఉంచి ఆపైనే రంధ్రం వేయాలి.

రంధ్రంలో ఇత్తడి గొట్టం ఎపాక్సీతో అతుకుతుంది. టేకులో సహజ నూనెలు ఉంటాయి కాబట్టి అతికే ముందు ఎసిటోన్‌తో తుడవాలి. ఆ తర్వాత లేతు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగినా, 12 మిల్లీమీటర్ల మందానికి వచ్చిన పెన్ను అంచు వేగం సెకనుకు రెండు మీటర్లు దాటదు. సన్నని పనికి అంత వేగం కావలసి వచ్చేది అందుకే. టేకులోని సిలికా ఉలి పదును త్వరగా తినేస్తుంది. గట్టి కలపల పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మాస్కు లేకుండా ఉప్పుకాగితం పట్టకూడదు.

మెరుగుకు ఎక్కువమంది సూపర్ గ్లూ పొరలు పూస్తారు. మెత్తని పైన్‌కు అది పీచులను కట్టి పట్టే పని కూడా చేస్తుంది. ఏటికొప్పాక బొమ్మల పద్ధతి ఇంకా అందమైనది: తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి పరుచుకుంటుంది. చెక్క పెన్నుకూ ఇది పనికొస్తుంది.

హైదరాబాద్‌లో 1928 నుంచి ఉన్న దక్కన్ పెన్స్, రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం పెన్నులు పేరు తెచ్చుకున్నది చెక్కతో కాదు, ఎబొనైట్‌తో. రబ్బరుకు గంధకం పట్టించి గట్టిపరిచిన ఆ పదార్థం సిరాను పీల్చదు, చెక్క పీలుస్తుంది. అందుకే చెక్క పెన్నులో సిరాను నేరుగా నింపకుండా కార్ట్‌రిడ్జ్‌గానీ కన్వర్టర్‌గానీ పెట్టి, పాళీ కూర్చునే భాగాన్ని ఎబొనైట్‌తోనో లోహంతోనో చేస్తారు.